రొయ్యల వ్యాపారంలో ఏ పని మన చేతిలో ఉండాలి, ఏది బయటివాళ్లకు వదలాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైంది ఇదీ. నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట పక్కన మీకు 40 ఎకరాల వెనామీ రకం రొయ్యల గుంటలున్నాయి, నాన్నగారు మొదలుపెట్టిన మేత డీలర్‌షిప్పు ఉంది, అన్నదమ్ములు ముగ్గురు. పెద్ద కంపెనీలు మేత, హ్యాచరీ, ప్రాసెసింగ్ అన్నీ తామే పెట్టుకుని పెరుగుతున్నాయి కాబట్టి మనమూ ముందు హ్యాచరీ (రొయ్య పిల్లను పుట్టించే కేంద్రం), తర్వాత ఐస్ ఫ్యాక్టరీ, ఆపైన ప్రాసెసింగ్ ప్లాంటు పెట్టాలని మీ పెద్దన్న పట్టుబడుతున్నారు. "మధ్యలో వాళ్లు తినే లాభం మనకే మిగులుతుంది కదా" అన్నది ఆయన మాట. మీకు ధైర్యం చాలడం లేదు.

తమ్ముడూ, నేను 1993లో హ్యాచరీలో టెక్నీషియన్‌గా చేరాను. తర్వాత మేత కంపెనీ సేల్స్‌లో కావలి నుంచి గూడూరు దాకా తిరిగాను. చివరి పన్నెండేళ్లు ఒక ప్రాసెసింగ్ ప్లాంటులో కొనుగోళ్లు చూశాను. మీ అన్నగారి మాట అన్నిచోట్లా విన్నాను, ఒకప్పుడు నేనూ అన్నాను. అందుకే కాస్త పెద్దగా రాస్తున్నాను.

ముందు లెక్క చూద్దాం. 40 ఎకరాలు, ఏడాదికి రెండు పంటలు, ఎకరాకు సగటున రెండున్నర టన్నులు అనుకోండి. అన్నీ కలిసొస్తే 200 టన్నులు. రోజుకు 20 టన్నులు నడిపే ప్లాంటు పెడితే మీ ఏడాది పంట దానికి పది రోజుల పని. మిగతా రోజులకు సరుకు బయట కొనాలి. అంటే మీ అన్నగారు వదిలించుకోవాలనుకుంటున్న ఆ మధ్యవాళ్లనే, కొనుగోలు ఏజెంట్లను, ఆయనే పెట్టుకోవాలి, ఆయనే రేటు తగ్గించమనాలి. హ్యాచరీ లెక్కా అంతే. మీ గుంటలకు ఏడాదికి కోటి పిల్ల చాలు. చిన్న హ్యాచరీ కూడా ఒక్క నెలలో అంతకంటే ఎక్కువ తీస్తుంది. మిగిలింది అమ్ముకోవడానికి ఊరూరా తిరగాలి, అప్పు మీద ఇవ్వాలి, వసూలు చేసుకోవాలి. మన అవసరానికని పెట్టింది కాస్తా మనకు తెలియని కొత్త వ్యాపారమై కూర్చుంటుంది.

అసలు ఏ పని సొంతంగా చేసుకోవాలి, ఏది బయట కొనుక్కోవాలి అన్న ప్రశ్న మీద ఆర్థికశాస్త్రంలో పెద్ద చర్చే నడిచింది. రోనాల్డ్ కోస్ అనే ఇంగ్లాండు కుర్రవాడు 1930ల మొదట్లో అమెరికా వెళ్లి ఫోర్డ్, జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీలు తిరిగి చూశాడు. బజారులో అన్నీ దొరుకుతున్నప్పుడు అసలు కంపెనీ అనేది ఎందుకుంది అని అడిగాడు. 1937లో, 26 ఏళ్ల వయసులో జవాబు రాశాడు. బజారులో కొనడానికీ ఖర్చుంది: వెతకాలి, బేరమాడాలి, మాట మీద నిలబడతాడో లేదో కాపలా కాయాలి. ఆ ఖర్చు కంటే సొంతంగా చేసుకునే ఖర్చు తక్కువైనప్పుడే ఆ పనిని లోపలికి తెచ్చుకోవాలి. సొంతంగా చేసుకోవడానికీ ఖర్చుంటుందన్నది ఇక్కడ మనవాళ్లు మరిచే సగం. 1991లో ఆయనకు నోబెల్ వచ్చింది. తర్వాత ఆలివర్ విలియమ్సన్ దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లాడు, ఆయనకు 2009లో వచ్చింది. ఒకసారి పెట్టుబడి పెట్టి వెనక్కి రాలేని చోట నిలబడ్డాక ఎదుటివాడు బేరం మార్చేస్తే ఏం చేస్తారు అన్నది ఆయన ప్రశ్న. మన భాషలో చెప్పాలంటే, జుట్టు ఎవరి చేతికి చిక్కింది?

నా చేతికి ఒక రైతు జుట్టు చిక్కిన రాత్రి చెబుతాను. ప్లాంటులో చేరిన రెండో ఏడు, ఏప్రిల్ నెల. విడవలూరు దగ్గర మూడెకరాల గుంట. సాయంత్రం విసురు వలతో శాంపిల్ తీస్తే 40 కౌంట్, అంటే కిలోకు 40 రొయ్యలు, వచ్చింది. రేటు ఒప్పుకున్నాం. రాత్రి ఒంటిగంటకు తూముకు సంచి వల కట్టి నీళ్లు వదిలారు. రెండు గంటలకు గుంట సగానికి దిగింది, రొయ్య తూము దగ్గరికి చేరి ఎగురుతోంది, ట్రేలలో ఐస్ పడుతోంది. అప్పుడు ఆఫీసు నుంచి ఫోను: కిలోకు 20 రూపాయలు తగ్గించి రాయమని. నేను చెప్పాను. ఆ రైతు చేతిలో కౌంట్ బుట్ట ఉంది, అప్పుడే కిలో తూచి ఒక్కొక్కటీ లెక్కపెడుతున్నాడు. లెక్క ఆపి నా వైపు చూశాడు. "వల కట్టకముందే చెప్పుంటే తూము ఎత్తేవాణ్ని కాదు గదన్నా" అన్నాడు. అంతే. గుంటలో మిగిలిన రొయ్య తెల్లారేలోపు బురదలో చస్తుంది. ఆ వేళకు ఇంకో ఏజెంటు ఐసూ లారీ వేసుకుని రాలేడు. అది నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు, ఫోను చేసినవాడికి ఇంకా బాగా తెలుసు. నేను తలొంచుకుని తగ్గించిన రేటే రాశాను. ఆ పని చేసినందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను.

ఇదే పక్కన ప్రకాశం జిల్లా పొగాకు రైతును చూడండి. టంగుటూరు వేలం కేంద్రానికి బేళ్లు తెస్తాడు. రేటు నచ్చకపోతే ఆ బేలు అమ్మకుండా ఇంటికి తీసుకెళ్లి, ఇంకో రోజు మళ్లీ తెచ్చుకుంటాడు. పొగాకు రైతుకు కష్టాలు లేవని కాదు. కానీ ఆకు అంత త్వరగా చెడిపోదు, వేలం పది మంది ముందు జరుగుతుంది, ఆ వేలాన్ని పొగాకు బోర్డు నడుపుతుంది. రొయ్యకు ఆ మూడూ లేవు. సరుకు స్వభావమే వ్యాపారం ఎలా నడవాలో నిర్ణయిస్తుంది. ఒక సరుకులో పనికొచ్చిన పద్ధతి ఇంకో సరుకులో పనికిరాదు.

కాబట్టి మీ గొలుసులో జుట్టు చిక్కే చోటు ఒకటే, పట్టుబడి రాత్రి, అంటే గుంటలో రొయ్య పట్టే రాత్రి. మధ్యవాళ్లు తినేస్తారన్న అన్నగారి భయం నిజమైనదే. మందు మాత్రం ప్లాంటు కాదు.

అవతలి గట్టు మీద ఏం జరుగుతుందో చెబుతాను, ఎందుకంటే పన్నెండేళ్లు ఆ గట్టు మీదే ఉన్నాను. ప్లాంటులో తల తీసే, తొక్క తీసే ఆడవాళ్లు రెండు మూడు వందల మంది ఉదయం ఆరింటికల్లా వచ్చేస్తారు. సరుకు రాకపోయినా వాళ్లకు రోజుకూలి ఇవ్వాలి, ఫ్రీజర్లు నడవాలి, కరెంటు బిల్లు కట్టాలి. షిప్‌మెంటు తేదీకి కంటైనర్ నిండకపోతే కొన్నవాడు అక్కడి నుంచి అరుస్తాడు. కొనుగోళ్ల మేనేజరుకు నిద్ర పట్టనివ్వని ఆలోచన రేపు సరుకు వస్తుందా అన్నది. రెండో ఆలోచన ఆ సరుకులో యాంటీబయాటిక్ అవశేషాలు ఏమైనా ఉన్నాయా అని. నైట్రోఫ్యూరాన్, క్లోరాంఫెనికాల్ ఆనవాలు దొరికితే కంటైనరే వెనక్కి వస్తుంది. యూరప్‌కు వెళ్లే సరుకైతే పట్టుబడికి ముందే ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ) ల్యాబులో పరీక్ష చేయించాలి.

అంటే ప్లాంటువాడి జుట్టూ ఒకరి చేతిలోనే ఉంది, ఆ చేయి ఎవరిదో రైతుకు తెలియదు. మీకు 40 ఎకరాలున్నాయి. అన్ని గుంటలూ ఒకే వారంలో పిల్ల వదలకండి. పదిహేను రోజుల తేడాతో వదిలితే పట్టుబళ్లు రెండు మూడు నెలల మీద పరుచుకుంటాయి. మీ దగ్గర మేత తీసుకునే రైతుల్లో నికరమైన వాళ్లు పాతిక మందినైనా కలుపుకోండి. ఏ తేదీకి ఏ కౌంట్ ఎన్ని టన్నులు వస్తుందో ముందే కాగితం మీద పెట్టండి. గుంటవారీగా మేత, మందులు, పరీక్షలు రాసిన పుస్తకం చూపించండి. అప్పుడు రెండు ప్లాంట్లతో మాట్లాడండి, మూడు వద్దు. అడగాల్సింది రేటు ఎక్కువ ఇమ్మని కాదు. వల కట్టిన క్షణం నుంచి లారీ తలుపు వేసేదాకా రేటు మారకూడదని, కౌంట్ ఇద్దరి ఎదుటా గుంట గట్టునే తేలాలని, ప్లాంటుకెళ్లాక మళ్లీ కౌంట్ తీసి కోత పెట్టకూడదని, కొంత అడ్వాన్సు ముందే పడాలని. నేను ఆ కుర్చీలో ఉన్నప్పుడు ఇలా ఎవరైనా వచ్చి ఉంటే, మా యజమానితో పోట్లాడైనా ఒప్పించేవాణ్ని. ఎవరూ రాలేదు. ఎవరి గుంట వాళ్లది, ఎవరి ఏజెంటు వాళ్లది.

హ్యాచరీ గురించి. ఇందులో నాకు కోపం కూడా ఉంది, ఎందుకంటే మంచి కుటుంబం ఒకటి దీనివల్ల విడిపోవడం చూశాను. వాళ్లకు గుంటలూ ఉన్నాయి, హ్యాచరీ పెట్టారు. హ్యాచరీ చిన్న తమ్ముడిది, గుంటలు అన్నది. ఒక బ్యాచి పిల్ల బలహీనంగా వచ్చింది. ఉప్పు తగ్గించిన నీళ్లలో వేసి చూసే స్ట్రెస్ టెస్టులో బయటి రైతులు అది చూసి వద్దని వెళ్లిపోయారు. మిగిలిన పిల్ల ఎక్కడికి పోవాలి? సొంత గుంటల్లోకే పోయింది. నలభై రోజులకు సైజులు ఎగుడుదిగుడు, మేత తింటోంది కానీ ఎదగడం లేదు, పరీక్ష చేయిస్తే ఈహెచ్‌పీ, రొయ్యను ఎదగనివ్వని తెగులు. బయటి హ్యాచరీ అయితే ఇంకోసారి ఆ గేటు తొక్కం. తమ్ముడి హ్యాచరీని ఎలా మానేస్తాం? నష్టం ఎవరిదని తేల్చే పద్ధతే వాళ్ల దగ్గర లేదు, ఎందుకంటే సొంత పిల్లకు రేటు కట్టలేదు, రాసుకోలేదు. పండక్కి కూడా కలవడం మానేశారు.

బయట కొన్నప్పుడు మనకున్న పెద్ద ఆయుధం వద్దనగలగడం. పనిని సొంతం చేసుకున్న రోజే ఆ ఆయుధం పోతుంది. ఈ ఒక్క మాట మీ అన్నగారికి చెప్పండి. మీ కోటి పిల్లకు తుపిలిపాలెం నుంచి రామాయపట్నం దాకా తీరం వెంబడి హ్యాచరీలు ఒకదానితో ఒకటి పోటీ పడుతున్నాయి. పోటీ ఉన్న చోట మనం కొనేవాళ్లంగా ఉండడమే లాభం. పైగా వెనామీ తల్లి రొయ్యలు ఎక్కువగా విదేశాల నుంచి రావాలి, చెన్నై నీలాంకరై క్వారంటైన్ దాటి రావాలి. ఆ ఆలస్యాలు, ఆ మరణాలు మోయడం ఆ పనిలో పండినవాళ్లకే కష్టం.

మీ అన్నగారి మాటే హెన్రీ ఫోర్డ్ కూడా అన్నాడు. కారు టైర్లకు రబ్బరు ఇంకొకరి దగ్గర ఎందుకు కొనాలని 1920ల చివర్లో బ్రెజిల్ అమెజాన్ అడవిలో భూమి తీసుకుని సొంత రబ్బరు తోటలు, ఏకంగా ఊరే కట్టించాడు. అడవిలో రబ్బరు చెట్లు దూరదూరంగా ఉంటాయి. దగ్గర దగ్గరగా నాటేసరికి ఆకు తెగులు ఒకదాని నుంచి ఇంకోదానికి పాకింది. రొయ్యల గుంటలు చూసినవాళ్లకు అది చెప్పనక్కర్లేదు. సరిపడా రబ్బరు రాకుండానే 1945లో అంతా నష్టానికి బ్రెజిల్ ప్రభుత్వానికి వదిలేశారు. కార్లు తయారుచేయడంలో ఆయన మొనగాడు. రబ్బరు చెట్టు ఆయన మాట వినలేదు.

మరి పెద్ద కంపెనీలు అన్నీ ఎలా చేస్తున్నాయంటారా? థాయ్‌లాండ్ కంపెనీ సీపీ సంగతి చూడండి, మన తీరం అంతా తెలిసిన పేరు. 1921లో బ్యాంకాక్‌లో విత్తనాల కొట్టుగా మొదలైంది. అక్కడి నుంచి మేతకు, కోళ్లకు, రొయ్యకు రావడానికి దశాబ్దాలు పట్టింది. కోళ్లలో ఈ ఇంటిగ్రేషన్, అంటే అన్ని దశలూ ఒకే కంపెనీ కింద నడపడం, ఎందుకు బాగా కుదిరిందో కూడా గమనించండి. పిల్ల కంపెనీది, మేత కంపెనీది, పెంపకం రైతుది, కూలి కట్టి ఇస్తారు. షెడ్డులో కోళ్లను సూపర్‌వైజర్ చూసి లెక్కపెట్టగలడు. రొయ్య నీళ్ల కింద ఉంటుంది. ఎంత బతికుందో పట్టుబడి దాకా ఎవరూ గట్టిగా చెప్పలేరు. రాత్రికి రాత్రి అరటన్ను వేరేవాడికి పోయినా పట్టుకోలేం. కాపలా కాయలేని పనిని కంపెనీలు కూడా సాధారణంగా రైతుకే వదిలేస్తాయి, మేతా పిల్లా అమ్ముకుని పక్కకు తప్పుకుంటాయి. వాళ్లు అన్నీ చేస్తున్నట్టు కనిపిస్తారు, చెరువు రిస్కు మాత్రం ఎక్కువగా మీ మీదే ఉంది.

ఇంకో విషయం. అన్నీ మనవే అయితే ఒకటి పోయినా ఇంకోటి ఆదుకుంటుందని చాలామంది అనుకుంటారు. నేను ఉద్యోగంలో చేరిన ఏడాదికే, 1994-95లో, అప్పట్లో పెంచే టైగర్ రొయ్యకు తెల్లమచ్చ తెగులు వచ్చింది. గుంటలు పోతే పిల్ల కొనేవాడు లేడు, హ్యాచరీ మూతపడింది. మేత కొనేవాడు లేడు, డీలరు మునిగాడు. ప్లాంటుకు సరుకు లేదు. మా హ్యాచరీలో ట్యాంకులన్నీ ఎండి పడుంటే, జీతం అడగడానికి మొహం చెల్లక మేం ఇళ్లకు వెళ్లిపోయాం. 2025 ఆగస్టులో అమెరికా 50 శాతం సుంకం వేసినప్పుడూ దెబ్బ పై నుంచి కింద దాకా అందరికీ ఒకేసారి తగిలింది. ఒకే గాలికి పడే చెట్లు నాలుగు నాటితే నాలుగూ పడతాయి. మీ దగ్గర మిగులు డబ్బుంటే అందులో కొంత రొయ్యతో సంబంధం లేని దానిలో పెట్టండి.

ఇక మీకు నిజంగా ఉన్న బలం ఏమిటో చెబుతాను, బహుశా మీరే గుర్తించి ఉండరు. మీ నాన్నగారు మేత అమ్ముతున్నారనుకుంటున్నారు. మేత ఎవరైనా అమ్ముతారు, బస్తా రేటు అందరికీ తెలుసు. పంట ఖర్చులో సగానికి పైగా మేతదే, అది మూడు నాలుగు నెలలు అప్పు మీద నడుస్తుంది. ఏ రైతుకు ఎన్ని బస్తాలు అప్పివ్వచ్చు, ఎవరు పట్టుబడి రాత్రే డబ్బు తెచ్చి ఇస్తారు, ఎవరి గుంటకు ఏ కాలవ నీళ్లు వస్తాయి, ఎవరు ఏరేటరు (నీళ్లలో గాలి కలిపే యంత్రం) డీజిలు దగ్గర కక్కుర్తి పడతారు — ఇది నాన్నగారి బుర్రలో ఉంది. ఏ కంపెనీ కంప్యూటర్లోనూ లేదు. నేను సేల్స్‌లో ఉన్నప్పుడు ఒక ప్రాంతంలో డీలర్లను పక్కనబెట్టి నేరుగా రైతులకు అప్పు మీద మేత ఇచ్చి చూశాం. రెండు పంటలకే మొండి బాకీలు పేరుకుపోయి వెనక్కి తగ్గాం. మీరు పెట్టుబడి పెట్టాల్సింది ఇక్కడ. చదువుకున్న కుర్రవాణ్ని ఒకణ్ని పెట్టి, వారానికోసారి ప్రతి రైతు గుంటకూ పంపి, నీళ్లు, చెక్ ట్రేలో (మేత ఎంత తిన్నదో చూసే పళ్లెం) మిగిలిన మేత, ఎదుగుదల రాయించండి. అప్పు ఎక్కడ ఆపాలో ముందే తెలుస్తుంది. ప్లాంటుకు చూపించాల్సిన పుస్తకమూ అదే అవుతుంది.

ముగ్గురన్నదమ్ములు ఎలా పంచుకోవాలన్నది మీరు చివర్లో ఒక వాక్యంలో అడిగారు. నాకు అదే అసలు ప్రశ్న అనిపించింది. జనరల్ మోటార్స్‌లో 1920లలో దాని అధిపతి ఆల్‌ఫ్రెడ్ స్లోన్ చేసింది మీ ఇంటికి సరిపోతుంది. ఒక్కో విభాగానికి దాని లెక్క దానిది, నడిపేవాడికి స్వేచ్ఛ. కొత్త పెట్టుబడి ఎక్కడ పెట్టాలన్నది మాత్రం అందరూ కలిసిన చోట. డీలర్‌షిప్పు మీ గుంటలకు మేత బయటి రైతుకిచ్చే రేటుకే అమ్మాలి, బిల్లు రాయాలి. గుంటలు చూసే తమ్ముడికి వేరే కంపెనీ మేత మంచిదనిపిస్తే కొనుక్కునే హక్కుండాలి. ఎవరు ఏ పని చేస్తే దానికి జీతం వేరు, అన్నదమ్ముడిగా వచ్చే వాటా వేరు. ఈ రెండూ కలిపేసిన ఇళ్లలో, కష్టపడుతున్నవాడికి తాను దోపిడీ అవుతున్నానని, కష్టపడనివాడికి తనను చులకన చేస్తున్నారని అనిపిస్తుంది. ఇద్దరి మాటా నిజమే అవుతుంది.

జీతగాళ్ల దగ్గరా జాగ్రత్త. మా ప్లాంటులో ఒకప్పుడు కొనుగోలు సిబ్బందికి టన్నుల మీద బోనస్ పెట్టారు. టన్నులు వచ్చాయి, వాటితోపాటు కుబుసం విడిచిన మెత్త రొయ్యా, పరీక్ష లేని గుంటల సరుకూ వచ్చాయి. ఆ సీజన్‌లో ఒక కంటైనర్ వెనక్కి వచ్చింది. వాళ్లు చెడ్డవాళ్లు కారు, మేం దేనికి డబ్బు ఇస్తామన్నామో అదే తెచ్చిపెట్టారు. మీ కుర్రవాడికి అమ్మిన బస్తాల మీద కమిషన్ ఇవ్వకండి. ఇస్తే మునిగే రైతుకు కూడా మేత పోయిస్తాడు.

మిగిలింది ఐస్ ఫ్యాక్టరీ. దాన్ని మాత్రం నేను కొట్టిపారేయను. పట్టుబడి రాత్రి ఐసు ఎవరిదైతే కాలం వాళ్ల చేతిలో ఉంటుంది. విడవలూరు రైతుకు ఆ రాత్రి సొంతంగా ఐసూ, ట్రేలూ ఉండుంటే నాలుగు గంటలు ఆగి ఇంకొకరికి ఫోను చేసుకునేవాడు. అయితే ఫ్యాక్టరీ కట్టాల్సిన పని లేదు. సీజన్ మొత్తానికి దగ్గర్లోని ఐస్ ప్లాంటుతో ముందే మాట్లాడి కొంత డబ్బు కట్టండి, ఒక ఇన్సులేటెడ్ బండి, ఐదారు టన్నులకు సరిపడా ట్రేలు సొంతంగా కొనండి. రెండు పంటలు అలా నడిపాక మీకూ మీ పాతిక మంది రైతులకూ ఐసుకు ఏడాదికి ఎంత ఖర్చయిందో బిల్లులు ముందు పెట్టుకుని అన్నగారితో కూర్చోండి. అప్పటికి ఐస్ ఫ్యాక్టరీ అవసరమో కాదో ఆ బిల్లుల్లోనే కనిపిస్తుంది. ఈలోగా ఈ పంటకు పిల్ల వదిలే తేదీలు ఇంకా ఖాయం చేయకపోతే, ముందు ఆ పని చూడండి.